గురజాల నుంచి నరసరావుపేటకు, ఒక ఎన్‌ఓసీ కోసం

డిగ్రీ మొదటి సంవత్సరం నరసరావుపేటలో చదివాను. రెండో సంవత్సరానికి విశాఖపట్నం మారిపోవాలని పట్టుబట్టాను. అక్కడి కాలేజీలో సీటు ఖాళీ ఉంది, ఇస్తామన్నారు కూడా. ఇక్కడి కాలేజీ మాత్రం తనకు అభ్యంతరం లేదని రాసివ్వాలి. ఆ ఎన్‌ఓసీ పంపడానికి మేం బయల్దేరిన శుక్రవారమే ఆఖరు. వారం రోజులుగా నాకు అన్నం సయించలేదు. మీలో ఎవరైనా ఇలాగే కాలేజీ మారాలనుకుంటుంటే నా ప్రయాణం ఎలా సాగిందో చదవండి.

మా ఊరు గురజాల పక్కనే. పొద్దున ఆరు దాటాక బస్సెక్కితే పిడుగురాళ్ల మీదుగా రెండు గంటల్లో పేటలో దిగొచ్చు. ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. నాకు తోడొచ్చిన పెదనాన్న మాత్రం టికెట్ కొన్నాడు. ఆయన మిరప రైతు, ఒకప్పుడు వార్డు మెంబరు. ఊళ్లో ఎవరికి ఆఫీసు పనిబడ్డా ఇస్త్రీ చొక్కా వేసుకుని వెంట బయల్దేరతాడు. పిడుగురాళ్లలో డ్రైవరు టీకి దిగాడు. కిటికీలోంచి సున్నపు బట్టీల పొగ లోపలికొస్తోంది, బస్సు కదలదు. నేను గడియారం చూస్తూ కాలు ఊపుతున్నాను.

"ఏందమ్మాయ్, ఆ ఊపుడు? బస్సు నువ్వేమన్నా తోలుతున్నావా ఏంది?" అన్నాడు పెదనాన్న.

దిగగానే నేరుగా కాలేజీకి వెళ్దామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "ఊరికే పోతే ఎవురు పలుకుతారు? ముందు మన పెద్దాయన్ని కలుద్దాం. ఆయన ఒక్క ఫోను కొడితే చాలు."

పెద్దాయనంటే మా వాళ్లంతా ఓటేసే నాయకుడు. ఆయన ఇంటి ముందు షామియానా కింద అప్పటికే కుర్చీలన్నీ నిండిపోయాయి. పొలం తగాదా ఒకరిది, ట్రాన్స్‌ఫార్మరు ఒకరిది, ఆసుపత్రి పని ఇంకొకరిది. పదకొండు దాటాక మా వంతు వచ్చింది. ఇన్నేళ్లలో పెదనాన్న తన ఇంటి పని కోసం ఆయన్ని అడగడం అదే మొదలు. పెద్దాయన మంచిగానే పలకరించి, అందరి ముందూ ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేశాడు. "మన అమ్మాయేనండీ, జాగ్రత్తగా చూసుకోండి" అని పెట్టేసి పక్కవాళ్ల వైపు తిరిగాడు. అసలు సంగతి చెప్పలేదని నేను నోరు తెరిచేలోపే పెదనాన్న నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది. నేను మాత్రం మళ్లీ గడియారం చూసుకున్నాను.

అక్కడి నుంచి కాలేజీకి షేర్ ఆటోలో మనిషికి ఇరవై. ప్రిన్సిపాల్ మాకు కుర్చీలు వేయించి కాఫీ తెప్పించారు. హాస్టల్లో మంచి గది ఇప్పిస్తానన్నారు. నేను ఎన్‌ఓసీ మాట ఎత్తగానే కాఫీ కప్పు అందుకోబోతున్న ఆయన చెయ్యి ఆగిపోయింది.

"జాగ్రత్తగా చూసుకోమన్నారు గదమ్మా. నేను నిన్ను పంపించేస్తే రేపు ఆయనకేం చెప్పుకోను? ఆయన చేతే ఇంకో మాట చెప్పించండి."

వరండాలోకి వచ్చి పెదనాన్న ఫోన్ చేస్తూనే ఉన్నాడు. పెద్దాయన ఏదో మీటింగులో ఉన్నాడు, ఎత్తడం లేదు. నాలుగింటికి ఆఫీసు మూసేస్తారు. మూడు దాటింది. పెదనాన్న మీద చచ్చేంత కోపం వచ్చింది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని తిరుగుతున్న ఆయన్ని చూస్తే జాలీ వేసింది. కాళ్లు ఒకచోట నిలవక, "నువ్విక్కడే కూర్చో పెదనాన్నా" అని చెప్పి ఒక్కదాన్నే లోపలికి వెళ్లాను.

"ఇక్కడ నీకేం తక్కువైందమ్మా?" అన్నారు ప్రిన్సిపాల్.

"ఏమీ తక్కువ కాలేదు సార్. ఒక్క రోజు క్లాసుకు రాకపోతే సాయంత్రానికల్లా పెదనాన్నకు ఫోనెళ్తుంది. పుస్తకాల షాపులో కూడా ఎవరమ్మాయివని అడిగి మరీ తగ్గించి ఇస్తారు. అందరూ బాగా చూసుకుంటున్నారు. అందుకే వెళ్తానంటున్నాను. నా పని నేను చేసుకోగలనో లేదో నాకింతవరకూ తెలియదు సార్."

ఆయన నా వెనక్కి చూశారు. తలుపు దగ్గర పెదనాన్న నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు.

"మీరేమంటారండీ?" అని ఆయన్ని అడిగారు.

పెదనాన్న ఫోను జేబులో పెట్టుకున్నాడు. "నన్నడగబాకండి సార్. పెద్దాయన్నీ అడగబాకండి. పిల్ల చెప్పింది గదా, ఆ మాట మీద పెట్టండి సంతకం."

ప్రిన్సిపాల్ సంతకం పెట్టారు. నేను అక్కడే ఫోటో తీసి విశాఖకు మెయిల్ చేశాను.

తిరుగు బస్సులో పెద్దాయన మనిషి ఫోన్ చేశాడు, పని అయిందా అని. అందరి ముందూ దొరికిన ఆ గౌరవం నిలబెట్టుకోవాలంటే పెద్దాయన ఫోను వల్లే అయిందని పెదనాన్న ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. "అయిందండీ. మా అమ్మాయే మాట్లాడుకుంది" అన్నాడు. ఆ తర్వాత గురజాల దాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నాకు సంతోషంగానే ఉంది. కానీ ఆయన పక్కన కూర్చుని ఆ సంతోషం పైకి చూపించలేకపోయాను. పొద్దుటి నుంచీ ఎప్పుడెప్పుడు పారిపోదామా అని తొందరపడ్డ నాకు, ఆ రెండు గంటలూ తొందరగా అయిపోయాయనిపించింది.

కాలేజీ మారబోయేవాళ్లకు ఒక్క మాట. లైబ్రరీ, హాస్టల్ బాకీలు లేవన్న కాగితాలు ముందురోజే తీసిపెట్టుకోండి. ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లేటప్పుడు మాత్రం తోడొచ్చినవాళ్లను బయట కూర్చోబెట్టకండి. ఎందుకు వెళ్లిపోతున్నారో వాళ్లకు మీరు ఇంట్లో చెప్పి ఉండరు.