మంద యాడ మేసింది?

మా పశువుల డాక్టరు పోయారని నంద్యాల నుంచి ఫోనొచ్చినప్పుడు నేను ఆళ్లగడ్డ పశువుల ఆసుపత్రిలో రక్తం గొట్టాలకు చీటీలు అంటిస్తున్నాను. "ఎట్ల పోయినారు? చేతిమీద పుండేమన్నా ఉండెనా?" అని అడిగాను. గుండెపోటట. అలాంటి ప్రశ్న ముందు నోట్లోకి వచ్చినందుకు సిగ్గేసింది. కానీ ఆయన కింద ఆరేళ్లు పనిచేసిన ఎవరికైనా అదే వచ్చేది.

దొమ్మరోగమంటే, అదే ఆంత్రాక్స్ అంటే, ఆయనకు భయం. ఆ క్రిమి నేలలో ఏళ్ల తరబడి బతికి మేతతో లోపలికి పోతుంది. గొర్రె నిలబడ్డ చోటే కూలిపోతుంది. దాన్ని కోసిన చేతికీ, తిన్న కడుపుకీ అంటుకుంటుంది. టీ తాగే ముందు మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కునేవారు. "తోలు ఊడొస్తాది సార్" అని హోటలాయన ఎగతాళి చేస్తే నవ్వి మళ్లీ సబ్బు అందుకునేవారు. చచ్చిన గొర్రె రక్తాన్ని పెద్ద ల్యాబుకు పంపి, అందులోని క్రిమి జన్యుక్రమాన్ని చదివించడం మాకు అలవాటు చేసింది ఆయనే. "క్రిమికి గూడా ఇంటిపేరు ఉంటాదమ్మా. యాడి నేలదో అదే చెప్తాది" అనేవారు.

ఒకసారి రక్తం గొట్టం మీద ఊరి చీటీ నేనే తప్పు రాశాను. ఒక కాపరి చచ్చిన గొర్రెను మోసుకొచ్చాడు. చెవి నుంచి రక్తం తీసి, "మీది ఏ ఊరప్పా?" అని అడిగాను. "అవుకు" అన్నాడు. రాసుకున్నాను. టీకాలన్నీ అవుకుకు పోయాయి. వారం తర్వాత ల్యాబు నుంచి కాగితం వచ్చింది. ఆ క్రిమి ఎప్పుడో ఆత్మకూరు వైపు దొరికిన పాతదానికి దగ్గరి చుట్టమట. డాక్టరుగారు నన్ను పిలిచారు.

"కాపరిని ఏమని అడిగినావు?"

"మీది ఏ ఊరని, సార్."

"అట్లడిగితే పుట్టిన ఊరే చెప్తాడు. మంద యాడ మేసిందని అడగాల."

కాపరికి ఫోన్ చేశాం. నెల నుంచి ఆత్మకూరు అడవి అంచునే మేపుతున్నాడట. వెంటనే జీపెక్కాం.

మేం అక్కడికి చేరేసరికి మరో మందలో గొర్రె చచ్చింది. మా వైపు చచ్చినదాన్ని పారేయరు, కోసి పోగులు పెట్టి ఇంటికొకటి పంచుకుంటారు. గోనెపట్ట మీద పోగులు ఉన్నాయి, చుట్టూ ఆడవాళ్లు గిన్నెలతో నిలబడ్డారు. డాక్టరుగారు అడ్డంగా నిలబడి ఒక్క పోగూ కదలనివ్వలేదు. కోసినతని వేలి మీద నల్లటి పుండు ఉంది. నాలుగు రోజుల కింద కూడా ఒకదాన్ని కోశాడట. అంటే, నా చీటీ తప్పుదారిలో పోయిన రోజుల్లోనే.

"నొప్పేం లేదు సార్" అన్నాడతను.

"నొప్పి లేదంటేనే నాకు భయంరా, ఎక్కు జీపు."

నంద్యాల ఆసుపత్రిలో అతను బతికాడు. పోగులన్నీ కాల్చి, సున్నం చల్లి పూడ్చాం. పొరపాటు ఎవరిదని పైవాళ్లు అడిగితే డాక్టరుగారు తన పేరే రాసిచ్చారు. తిరుగుదారిలో నేను ఏడుస్తుంటే, "భయపడినావు గదా? దాన్ని పోగొట్టుకోవద్దు. భయం ఉన్నోళ్లే రెండోతూరి అడుగుతారు" అన్నారు. అంత దయగా నన్నెవరూ మందలించలేదు.

ఆయన్ను సాగనంపిన మూడో రోజు పాములపాడు నుంచి కబురొచ్చింది, గొర్రె చచ్చిందని. ఒక్కదాన్నే వెళ్లాను. గ్లౌజు తొడుక్కుని చెవి నుంచి రక్తం తీశాను. ఎక్కడ మేపావో చూపించమన్నాను. కాపరి చేతికర్ర ఎత్తి చూపించాడు. కోసిన జొన్నచేలో, సరిగ్గా అక్కడే, ఇంకెవరిదో మంద తలలు వంచుకుని మేస్తోంది.