ఒకటో నంబరు కట్ట

మావయ్య పోయాడు. సోమవారం పొద్దున్న లాల్‌ఖదాన్ నుంచి పాలు తెచ్చే మనిషి మా క్వార్టరు గుమ్మంలో బిందె దించి, "ఆప్‌కే మామా నహీ రహే, బాబూ" అన్నాడు. నేను డ్యూటీకి చొక్కా తొడుక్కుంటున్నాను. విన్న తరవాత కూడా గుండీలు పెట్టుకుంటూనే ఉన్నాను.

రక్తసంబంధం లేదు. శ్రీకాకుళం వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చి బిలాస్‌పూర్ స్టేషన్లో దిగిన నన్ను, తమ వైపువాడినన్న ఒక్క ముక్క మీద ఇంటికి తీసుకెళ్ళి ఏడాదిన్నర అన్నం పెట్టారు ఆయనా, అత్తా. ఉద్యోగం గురించి బెంగపడితే, "ముందు తినరా. ఖాళీ కడుపుతో ఏటి బెంగెడతావు?" అనేవాడు.

ఈ కాలనీలో చాలామందికి ఆయన 'అంకెలు రాని పెయింటరు'. ఆ పేరు చెప్పుకుని మీరు నవ్వారు. నేనూ మీతో కలిసి నవ్వాను. ఆ పేరు ఆయనకు నా వల్ల వచ్చింది. ఇది చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

యార్డులో గూడ్సు వ్యాగన్ల మీద నంబర్లు వేయడం ఆయన పని. అక్షరాలు రావు గానీ అంకెలంటే ప్రాణం. ఎనిమిదిని ఎప్పుడూ కింది సున్నాతో మొదలుపెట్టేవాడు. "బండి ఊగినా అంకె ఊగకూడదురా" అనేవాడు. ఊరికే కూర్చున్నా చూపుడువేలు తొడ మీద ఏదో ఒక అంకె దిద్దుతూ ఉండేది. సదర్ బజార్‌కు వెళ్తే కొట్ల మీది నంబర్లు చూసి, "ఆ ఏడు సూడు, నడుం ఇరిగిపోనాది పాపం" అని జాలిపడేవాడు. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ తెల్లరంగు ఉండేది.

నేను యార్డు ఆఫీసులో చేరిన ఏడాది, మా ఆఫీసు దొర భార్య, దొరసాని, తోటలో కూర్చోవడానికని కలకత్తా నుంచి ఒక గడ్డిపాక తెప్పించింది. అది పెట్టెల్లో వచ్చింది. స్తంభాలు, వాసాలు, చుట్టూ కట్టే కటకటాలు, ముందే కుట్టేసిన గడ్డికట్టలు, ప్రతిదానికీ నంబరున్న రేకు బిళ్ళ. పైన ఒక ఇంగ్లీషు కాగితం. పాకను పెట్టెలో పెట్టి పంపుతారని మేమెవరం ఎరగం. అత్త అయితే, "నీడ కూడా పెట్లోనే ఎట్టీసినారేటి?" అని అడిగింది.

కాగితం చదవడానికి నన్ను, పాక కట్టడానికి మావయ్యను పిలిచారు. చిన్నప్పుడు సొంత ఊళ్ళో తండ్రితో కలిసి పాకలు నేసినవాడు ఆయన. నాదేమో టెంపరరీ ఉద్యోగం. ఆ నెలలోనే దొర నన్ను పర్మనెంటు చేయాలి, లేదా పంపేయాలి. మా ఆవిడకు అప్పుడు ఏడో నెల.

స్తంభాలు, వాసాలు చక్కగా నిలబడ్డాయి. గొడవ గడ్డి దగ్గర వచ్చింది. కాగితం మీది బొమ్మలో ఒకటో నంబరు కట్ట కప్పు నెత్తిన, కొప్పు మీద ఉంది. ఒకటితోనే మొదలుపెట్టాలన్నాను నేను.

మావయ్య నవ్వాడు. "కొప్పు కాడ్నుంచి ఎవులైనా పాక నేస్తారేటిరా? సూరు కాడ్నుంచి ఎక్కాల. కింద వరస మీద పై వరస పడాల. నేకపోతే నీళ్ళన్నీ లోపలికే."

"కాగితంలో ఉన్నట్టు చెయ్యి మావయ్యా. ఇది దొరల పాక. మన ఊరి పాక కాదు."

"అచ్ఛా," అన్నాడు. కొప్పు నుంచి కిందికి, ఒక్కో వరసనూ పై వరస అంచు మీదుగా కట్టుకుంటూ దిగాడు. ఆ కాగితాన్ని తరవాత ఎన్నిసార్లో చదివాను. ఒకటితో మొదలుపెట్టమని అందులో ఎక్కడా లేదు.

దొరసాని నలుగురిని టీకి పిలిచిన రోజునే తొలకరి పడింది. పాకలో వాన, టీ కప్పుల్లో వాన. దొర మా ఇద్దరినీ నిలబెట్టి అడిగాడు, ఇది ఎవరి నిర్వాకమని. నోట్లోంచి మాట దానంతటదే వచ్చిందని చెప్పుకోవచ్చు. కానీ నేను ఇంగ్లీషు వాక్యం సరిచూసుకుని మరీ అన్నాను, "ఈ మనిషికి అంకెలు రావు సార్, వరసలు తిరగేశాడు" అని.

దొర మావయ్య వైపు తిరిగాడు. "నంబర్ పఢ్నా ఆతా హై?"

మావయ్య నన్ను చూశాడు. నా చేతిలోని కాగితాన్ని చూశాడు.

"నహీ, సాబ్."

అంకెలు రానివాడు వ్యాగన్ల మీద నంబర్లు వేస్తున్నాడా అని దొర మండిపడ్డాడు. వారం తిరక్కుండా మావయ్య చేతిలోంచి కుంచె పోయింది. లోకో షెడ్డులో బొగ్గు మోతకు వేశారు. వెళ్ళేముందు ఆ కప్పు మొత్తం విప్పి, చూరు నుంచి మళ్ళీ నేసి పోయాడు. ఒక్క చుక్క కారలేదు. దగ్గరుండి బాగా చేయించానని దొర నన్ను మెచ్చుకుని పర్మనెంటు చేశాడు.

ఒకరోజు అంతా ఒప్పేసుకుందామని ఇంటికి వెళ్ళాను. తెల్లరంగు ఉండాల్సిన గోళ్ళ నిండా బొగ్గు. "మావయ్యా, ఆ రోజు..." అన్నాను. "ఉద్యోగం నిలబడ్డాది కదా? మరేటి? కూకో, తిను," అన్నాడు. నాకు గుండె తేలికైంది. కూర్చుని తిన్నాను, మజ్జిగ కూడా అడిగి పోయించుకున్నాను. నా మాట కంటే ఆ తేలికే నన్ను ఇప్పుడు ఎక్కువ సిగ్గుపెడుతోంది. దొర దగ్గరికి వెళ్ళి నిజం చెప్పడానికి ఆ తరవాత ఎన్నో ఏళ్ళు ఉన్నాయి. వెళ్ళలేదు.

రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి, లాల్‌ఖదాన్‌లో సొంతంగా పాక వేసుకున్నాడు. సోమవారం ఆ పాకలో ఆయన పక్కన కూర్చుని, మొహం చూడలేక పైకి చూశాను. చూరు దగ్గరి వెదురు మీద తెల్లరంగుతో 'ఒకటి' అంకె. దాని పైదాని మీద 'రెండు'. అలా కొప్పు దాకా పదకొండు. ఎనిమిది కూడా ఉంది, నిటారుగా.

నేను చూడటం అత్త చూసింది. "మొన్న వానల ముందు ఏసినాడు బాబూ. 'నేను పోయాక నువ్వు ఎవుల్చేత నేయించుకున్నా ఎక్కడ్నుంచి మొదలెట్టాలో తెలవాల' అన్నాడు నాతోటి. 'మనోడొచ్చి వరసగా సదివి సెప్తాడులే' అన్నాడు."

ఆయన్ని బయటికి తెచ్చేటప్పుడు, చూరు బాగా కిందికి ఉండడంతో మోసేవాళ్ళందరం తలలు వంచాం. మిగతావాళ్ళు బయటికి రాగానే తలెత్తారు. నేను ఒకటో నంబరు కింద వంచిన తలను ఆ దారంతా ఎత్తలేకపోయాను.