మూత లోపలి బొట్టు

గోపీనాథ్ చేతిమీదుగా వెళ్ళే ప్రతి యంత్రానికీ ఎక్కడో ఒకచోట కుంకుమ బొట్టు ఉండాల్సిందే. అమెరికాలో ట్రాయ్ ఊళ్ళోని వైద్య పరికరాల కంపెనీలో చేరి ఇరవై రెండేళ్ళయినా ఆ చాదస్తం పోలేదు. పైన పెడితే అందరికీ జవాబు చెప్పుకోవాలి. అందుకని ఆ పిచ్చి మారాజు మూత లోపల పెట్టేవాడు.

2009లో ఆ కంపెనీ వ్యోమగాములకు సెలైన్ ఎక్కించే పరికరం తయారుచేసింది. బరువు తెలియని చోట గాలిబుడగలు పైకి తేలవు, నీళ్ళలోనే ఉండిపోతాయి. వాటిని కాంతితో పసిగట్టే సెన్సర్ శ్రుతి చేసింది. అమెరికాలోనే పుట్టి పెరిగిన ఇరవై నాలుగేళ్ళ పిల్ల, ఇదే మొదటి ఉద్యోగం. పరీక్ష విమానం ఎక్కించే ముందు హ్యూస్టన్‌లో తనిఖీవాళ్ళు ఆ పరికరం పెట్టెను మూలమూలా వెతికి, లోపల నలుసంత పొడి కూడా ఉండకూడదన్నారు. వాళ్ళు అటు వెళ్ళగానే, మూత బిగించబోతూ గోపీనాథ్ జేబులోని కుంకుమ పొట్లం విప్పాడు.

కాసేపు బరువు తెలియకుండా చేయడానికి విమానం నిటారుగా ఎగసి, ఒరిగి, కిందికి దూకింది. ఇరవై సెకన్ల పాటు అందరి పాదాలూ నేలను వదిలేశాయి. రెండో దూకుడుకే లేని బుడగలను కూడా సెన్సర్ లెక్కపెట్టసాగింది. నాలుగో దానికి పూర్తిగా మొరాయించింది. పెట్టెకున్న చిన్న అద్దంలోంచి ఎర్రటి పొడి తేలుతూ గోపీనాథ్‌కు కనిపించింది. అది తను పెట్టిన కుంకుమే.

దిగాక మేనేజర్ రాజ్ తేల్చేశాడు. "సెన్సర్ డిజైనే వీక్. రేపటి ఫ్లైట్‌కి పాతది ఫిక్స్ చేద్దాం. శ్రుతిని ప్రాజెక్ట్ నుంచి డ్రాప్ చేస్తున్నా."

తనిఖీ అయ్యాక పెట్టెలో చెయ్యి పెట్టానంటే ఉద్యోగం ఊడుతుంది. యాభై ఏడేళ్ళవాడిని మళ్ళీ ఎవరు తీసుకుంటారు? గోపీనాథ్ తల దించుకుని పక్కకు తప్పుకున్నాడు. తనమీద తనకే అసహ్యం వేసింది.

విమానం నిలిపే హ్యాంగర్‌లోకి వెళ్ళేసరికి శ్రుతి మూత విప్పి, తడి టిష్యూతో లోపల తుడుస్తోంది.

"అంకుల్, సీల్ నేనే లూజ్‌గా పెట్టాను, అందుకే డస్ట్ లోపలికి వచ్చింది అని రాజ్‌కి చెప్పేశా. మీరు వర్రీ అవ్వకండి. జాబ్ పోతే నేను ఇంకోటి చూసుకుంటా."

"నీకు తెలుసా అమ్మా?"

"మీరు పెట్టేప్పుడు చూశా. మామ్ కూడా నా కార్‌కి పెడుతుంది. నాకు హ్యాపీగా అనిపించింది, సో స్టాప్ చేయలేదు."

గోపీనాథ్‌కు ఏడుపు ఆగలేదు. ఆమె చేతిలోని టిష్యూ లాగేసుకున్నాడు.

"ఇంక తుడవకు తల్లీ," అని సగం బొట్టు మిగిలిన ఆ మూతను పట్టుకుని రాజ్ గదివైపు నడిచాడు.