ఒక్కళ్ళకే చోటున్న పుట్టి

మొన్న నల్లగొండలో ఒక పెళ్ళికని మాచర్లలో బస్సెక్కాను. సాగర్ దగ్గర వంతెన దాటుతుంటే పక్క సీటావిడ ఫోన్‌లోంచి తలైనా ఎత్తలేదు. ఆవిడ తప్పేముంది, రెండు పాటలు వినేలోగా కృష్ణ వెనక్కి వెళ్ళిపోయింది. నాకు మాత్రం మా అమ్మమ్మ, ఆమె చెల్లెలు అదే నదిని దాటిన సంగతి గుర్తొచ్చింది.

వాళ్ళది ఏటికి అవతల, నైజాం ఏలుబడిలో ఉన్న చిన్న పల్లె. తల్లి లేదు. తండ్రికి చిల్లర కొట్టు. మంచం దిగలేని నాయనమ్మ ఒకతె. ఇటువైపు స్వాతంత్ర్యం వచ్చిందని జెండాలు ఎగరేసుకుంటుంటే, అటువైపు నైజాం పక్షాన తుపాకులు పట్టుకున్నవాళ్ళు ఊళ్ళ మీద పడుతున్నారు. తండ్రి సరుకు కోసం వెళ్ళిన ఒక మధ్యాహ్నం ఆ పల్లెకీ వచ్చి గడ్డివాములకు నిప్పు పెట్టారు. పెళ్ళీడుకొచ్చిన మా అమ్మమ్మ, నాయనమ్మను కొట్టు వెనక గదిలో గోనెసంచుల చాటున దాచి, చెల్లెలి చెయ్యి పట్టుకుని జొన్నచేలకు అడ్డం పడి ఏటిదాకా పరుగెత్తింది. ఒడ్డు నిండా జనం. ఏరు దాటించడానికి ఉన్నది ఒకటే గుండ్రటి తోలు పుట్టి, అదీ దాదాపు నిండిపోయింది. "ఇంకొక్కళ్ళకే జాగ ఉన్నది, జల్ది ఎక్కుండ్రి" అన్నాడు పుట్టివాడు. అమ్మమ్మ చెల్లెల్ని ఎత్తి అందులో కూర్చోబెట్టి, ఒక్క మాటైనా చెప్పకుండా నాయనమ్మ కోసం వెనక్కి వెళ్ళిపోయింది.

ఇవతలి ఊరివాళ్ళు వచ్చినవాళ్ళందరికీ గంజి కాచి పోశారు. ఒక షావుకారు భార్య ఈ పిల్లను తన ఇంటికి రమ్మంది. పిల్ల రేవులో రాయి మీంచి కదలదే! "ఏమే, ఎండకి మాడి చస్తావా ఏంది? మీ అక్క వస్తే మా ఇంటికే తోలుకొస్తార్లే" అని ఆవిడ అరిచి అరిచి, చివరికి తనే అన్నం కలుపుకొచ్చి ఆ రాయి పక్కనే కూర్చుని తినిపించేదట. వచ్చిన ప్రతి పుట్టినీ వెతకడం, అందులో అక్క కనబడకపోతే పుట్టివాణ్ణి తిట్టిపోయడం, అదే మా చిన్నమ్మమ్మ పని.

కొన్నాళ్ళకు అక్క వచ్చింది. పొరుగింటి మొగుడూ పెళ్ళాల సాయంతో, దుప్పటి జోలెలో నాయనమ్మను మోసుకుంటూ, పగలంతా చేలల్లో నక్కుతూ వచ్చింది. మొహం గుర్తుపట్టలేనంతగా పీక్కుపోయింది. చెల్లెలు వెళ్ళి కావిలించుకుంటుందని రేవులో అందరూ చూస్తున్నారు. చెల్లెలు పరుగెత్తుకెళ్ళి అక్క చెంప ఛెళ్ళుమనిపించింది. ఆ తరవాత నెలల తరబడి అక్క పైట చెంగు వదల్లేదు.

గొడవలు సద్దుమణిగాక తండ్రి వెతుక్కుంటూ వచ్చి నాయనమ్మనూ పిల్లల్నీ తీసుకెళ్ళి మళ్ళీ కొట్టు తెరిచాడు. అమ్మమ్మను మాచర్లలో కిరాణా వ్యాపారికిచ్చారు. అక్క ఉన్న వీధిలో సంబంధమైతేనే చేసుకుంటానని చిన్నమ్మమ్మ మొండికేసింది. పెళ్ళిళ్ళ పేరయ్యలు తలలు పట్టుకున్నారు కానీ చివరికి నాలుగిళ్ళ అవతల వరుడు దొరికాడు. ఇంత చేసీ ఆవిడ అక్కను క్షమించలేదు. పండగొచ్చినా, చావొచ్చినా, ఆవకాయ పెట్టే రోజైనా సరే, "నన్నొక్కదాన్నే ఏట్లోకి తోసింది" అనే మాట రావాల్సిందే.

ఇద్దరికీ జుట్టు నెరిసిపోయాక ఒకనాడు, చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్న అమ్మమ్మను, ఆ రోజు నాయనమ్మ కోసం వెళ్తూ చెల్లెల్ని కూడా వెంట తీసుకెళ్ళలేదేమని నేనే అడిగాను. "అది పక్కనుంటే దానికేమైతదోనని నాకు కాళ్ళాడేవి కావే. అది ఏరు దాటిందనుకున్నాకే అడుగు పడ్డది" అంది. పక్కనే ఉన్న చిన్నమ్మమ్మ చేతిలో కాయ కింద పడేసి అక్క వైపు తిరిగింది.

"ఆ ముక్క అప్పుడే చెబితే ఏం పోయింది? ఇన్నేళ్ళూ తిట్టేదాన్ని కాదుగా!"

"నువ్వు అడిగితేగా? వచ్చీ రాంగానే కొడితివి."

చిన్నమ్మమ్మ నవ్వబోయి ఏడ్చేసింది. అక్క చెంప మీద చెయ్యి వేసి, ఎంతసేపటికీ తియ్యలేదు.

ఒక్క మాట చెప్పుకోవడానికి వాళ్ళకి దాదాపు జీవితమంతా పట్టింది. అంత కాలం దొరకడమూ ఒక అదృష్టమేనని నాకు ఈ వయసులో అనిపిస్తోంది.