పదకొండో దీర్ఘం

జీవితం మరీ హ్రస్వమని వేదాంతులు వాపోతూంటారు. బోర్డు అన్నయ్య దిగులు అంతకంటే లోతైనది. ఆయనకు దీర్ఘాలు చాలవు.

ఆయన ప్రదర్శనశాల వాచ్‌మన్. గేటు తీయడం, కుర్చీలు తుడవడం, తెర వెనక ఎలకలకు నచ్చజెప్పడం ఆయన పనులే. కానీ సోమవారం పొద్దున నిచ్చెనెక్కి, ఆ వారం జరగబోయే ఆటపాటల వివరాలను వాకిట్లో నల్లబోర్డుకు రేకు అక్షరాలతో తగిలించేటప్పుడు మాత్రం ఆయన వాచ్‌మన్ కాడు, విధాత. ఎవరి రాత ఎలా ఉండాలో ఆ చేతిలోనే ఉండేది.

అక్షరాల పెట్టె ఆయనకంటే ముందే ఉద్యోగంలో చేరింది. అందులో ‘ళ’ వంకరపోయి, చొక్కా తగిలించుకునే కొక్కెంగా స్థిరపడింది. ‘ట’లు మూడే. విడిగా తగిలించే దీర్ఘాలు పదకొండే. వాటిలో మూడింటిని శుక్ర, శని, ఆదివారాలు ప్రతి వారమూ మింగేసేవి. మిగిలిన ఎనిమిదింటితోనే కళలన్నీ బతకాలి. రెండు దీర్ఘాలు కలిసొస్తాయని తన ‘మహారాజు’ను ‘ప్రభువు’గా దించుకున్న నాటకకర్త కూడా ఉన్నాడు.

ఇలా ఉండగా గడ్డం డైరెక్టరు కొత్త నాటకంతో దిగాడు. దాని పేరు ‘మామా, మాటా మాటా’.

“ఆరు దీర్ఘాలా! నేనేమన్నా దీర్ఘాల దుకాణం పెట్టాననుకున్నావా?”

“ఒక్కటి తగ్గినా కళాహత్యే అన్నయ్యా. రోజూ వచ్చి లెక్కపెట్టుకుంటా.”

“లెక్కపెట్టాలని అంత ఉబలాటంగా ఉంటే ప్రేక్షకుల్ని లెక్కపెట్టు. తొందరగా అయిపోతుంది.”

అదే వారం శనివారం పాడవలసిన గాయకుడి గొంతు పూడుకుపోయింది. ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికి కుట్టు వదిన కొట్టుకు వెళ్ళిన గానసభ కార్యదర్శి, అక్కడ మిషను చప్పుడులోంచి వస్తున్న పాట విని, ఆ సాయంత్రాన్ని ఆవిడకు రాసిచ్చేశాడు. కుట్టు వదిన అంటే మరెవరో కాదు, బోర్డు అన్నయ్య భార్య. ఇరవై ఏళ్ళుగా ఆవిడ మిషను తొక్కుతూ పాడుతోంది. కుట్టు ఆగితే పాట ఆగేది. మిషను లేకుండా, మనుషుల ఎదుట ఒక్క చరణం పాడిన పాపాన పోలేదు.

“కాలు ఆడకపోతే నాకు గొంతు లేవదు. ఆ భయం ఒక్కటే నాకు చాలు” అంది ఆవిడ మొగుడితో. “దానికి తోడు బోర్డు మీద అక్షరం తేడా వచ్చి నలుగురూ నవ్వారో, చచ్చినా స్టేజీ ఎక్కను. ముందే చెప్తున్నా.”

“నీ దగ్గర తేడా రానిస్తానా?” అన్నాడు అన్నయ్య. ఆవిడ పాట నలుగురూ వినాలని ఇరవై ఏళ్ళుగా ఆయనకు ఒకటే ఆశ. ఆ నలుగురిలో తను కూడా ఒకడై, కుర్చీలో కూర్చుని వినాలని ఇంకో ఆశ.

సోమవారం నిచ్చెనెక్కి తగిలించాడు: ‘శనివారం కుట్టు వదిన పాడతారు’. వారాలకు మూడు, మామకు ఆరు, ఆవిడకు రెండు. పదకొండూ సరి.

బుధవారం గాలి వీచింది. తుప్పు పట్టిన ఒక దీర్ఘం ఊడి మురుక్కాలవలో పడి కొట్టుకుపోయింది. తెల్లారేసరికి బోర్డు ఊరికంతటికీ ఇలా ప్రకటించింది: ‘శనివారం కుట్టు వదిన పడతారు’.

పాడతారన్న మూడు రోజుల్లో పట్టుమని పది టిక్కెట్లు తెగలేదు. పడతారనేసరికి మధ్యాహ్నానికల్లా హాలు నిండిపోయింది. జనానికి కళ మీద ఉన్న అభిమానం అలాంటిది.

జాకెట్టు కోసం వచ్చినావిడ అడిగింది: “ఎంత ఎత్తు నుంచి వదినా?” సంగతి తెలిసిన వదిన కత్తెర పట్టుకునే హాలుకు వచ్చింది. అన్నయ్య అప్పటికే నిచ్చెన మీద ఉన్నాడు.

“ఏమండోయ్, దిగుతారా, నిచ్చెన లాగెయ్యనా?”

“అది లాగితే ‘పడతారు’కు ముందు నా పేరు కూడా పెట్టాల్సిందే.”

“వేళాకోళం చాలు. ఒక్క దీర్ఘంతో పోయేదానికి ‘పాట’ అని పెట్టరాదూ?”

“‘ట’ ఏదీ? రెండు మామ మాటల్లో పోయాయి, మూడోది నీ కుట్టులోనే ఉంది.”

మామ దగ్గర ఒక దీర్ఘం అప్పడుగుదామంటే గడ్డం డైరెక్టరు కిందనే నిలబడి, వేలు పైకెత్తి, “ఐదు... ఆరు” అంటున్నాడు. అన్నయ్య బోర్డంతా కలియజూసి, చివరికి శనివారం మీద చెయ్యి వేశాడు. దాని దీర్ఘం పీకి వదినకు తగిలించాడు.

వదిన గట్టిగా చదివింది. “శని... వరం...” చదివి, కత్తెర దించింది. “నా మొహానికి వరమిస్తే శనే ఇవ్వాలి!” అని పగలబడి నవ్వింది. ముందు తనే నవ్వేసింది కాబట్టి, నలుగురూ నవ్వితే ఎక్కనన్న ఒట్టు ఎలా లెక్కకట్టాలో ఆవిడకే తెలియలేదు. ఎక్కడానికే నిశ్చయించుకుంది.

శుక్రవారం మామ మాటలకు ఆరుగురు వచ్చారు, దీర్ఘానికొకరు చొప్పున.

శనివారం హాలు కిటకిటలాడింది. అన్నయ్యకు కుర్చీ కూడా మిగల్లేదు, చివరి వరసకు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వదిన స్టేజీ మీద కూర్చుంది. నోరు తెరిచింది. గొంతు లేవలేదు. చీర అంచు కింద పాదం, అక్కడ లేని మిషను కోసం నేలంతా వెతుక్కుంటోంది.

వెనక వరసలోంచి ఎవడో అరిచాడు: “వదినా, ఎప్పుడు పడతారు?”

హాలు గొల్లుమంది. వదిన మైకు దగ్గరికి వంగింది.

“తొందరేం నాయనా? నీ ప్యాంటు కుట్టింది నేనే. ఏ కుట్టు ఎక్కడ వదులో నాకు తెలుసు. ముందు అది పడకుండా పట్టుకో.”

ఈసారి నవ్వుకు కిటికీలు అదిరాయి. ఆ ప్యాంటువాడు నిజంగానే నడుము పట్టుకుని కూర్చున్నాడు. నవ్వులో నవ్వుగా వదిన పాదం కదిలింది, మడమ, వేళ్ళు, మడమ, వేళ్ళు. దాని వెంటే పాట వచ్చింది. పడిపోవడం చూడటానికి వచ్చినవాళ్ళు గంటన్నర సేపు ఆ సంగతే మరిచిపోయారు. గోడకు ఆనుకున్న అన్నయ్య కాలు కూడా తొక్కుతూనే ఉంది, ఆయనకు తెలియకుండా.

సోమవారం కాలర్లలో వేసే గట్టి కాన్వాసు కత్తిరించి, జంట దారంతో అంచు కుట్టి, డజను దీర్ఘాలు మొగుడి చేతిలో పెట్టింది వదిన. “ఇంట్లో దర్జీని పెట్టుకుని ఇరవై ఏళ్ళు రేకులు పట్టుకు వేలాడారు” అంది.

అన్నయ్య నిచ్చెన మీద ‘మరోసారి పాడతారు’ అని తగిలిస్తుండగా గడ్డం డైరెక్టరు వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

“అన్నయ్యా, నా తరవాతి నాటకానికి ఒక దీర్ఘం తీసెయ్యరాదూ? ఎక్కడైనా సరే.”

“తప్పులు మేం పెట్టం బాబూ” అన్నాడు అన్నయ్య, కాన్వాసు దీర్ఘాన్ని లాగి చూసుకుంటూ. “రాలితే రాలాలి. ఇక అదీ రాలదు. మా ఆవిడ కుట్టింది.”