ఉమ్మెత్త పొగ, మా జేజి సూది

నాకు దయ్యం పట్టలేదు. పట్టిందని చెప్పి నన్ను బడి నుంచి తోలేసినారు. ఊపిరి ఆడని పిల్లోడికి ఊపిరి కోసం ఒక మందు పట్టించి, ఆ మందు తలకెక్కి వాడు చేసిన పనులకు వాణ్ణే దోషిని చేసినారు. ఈ సంగతి ముందే రాసిపెడుతున్నాను. ఎందుకంటే ఎవరికి చెప్పబోయినా "పోనీలే తాతా, ఆ కాలం అట్లాంటిది" అని సగంలోనే నా నోరు మూయించినారు. కాలం ఎవర్నీ బడి నుంచి తోలదు. మనుషులే తోలుతారు.

మొన్న మా ఇంటి వెనక కాలువ గట్టున ఉమ్మెత్త మొలిచింది. తెల్లగా గన్నేరుకంటే పొడుగు పూలు, ఒళ్ళంతా ముండ్లున్న కాయలు. మునిమనవరాలు ఒక ఆకు తుంచి నలిపి నా ముక్కు దగ్గర పెట్టి "ఏం వాసన తాతా ఇది?" అనింది. ఆ పచ్చి చేదు కంపు లోపలికి పోయిందో లేదో, నేను ఈ కుర్చీలో లేను. మా జేజి పక్కన, దూది కుప్ప నీడలో, మోకాళ్ళ మీద గడ్డం ఆనించి ఊపిరి లాగుతూ కూర్చొని ఉన్నాను.

మా పల్లె ఆత్మకూరుకు పడమర. నల్లమల కొండలు తూర్పున నీలిగీత గీసినట్టు కనిపించేవి. నల్లరేగడి నేల. వానలు వెనకబట్టి మంచు దిగే రోజుల్లో చేలన్నీ తెల్లగా పగిలేవి. ఆడవాళ్ళు ఒడి నిండా పత్తి ఏరుకొచ్చి ఇంట్లో కుమ్మరిస్తే కుప్ప దూలాలను తాకేది. గింజల నూనె వాసన, ఎండ వాసన కలిసిన ఆ వెచ్చటి కుప్పలోకి పిల్లలంతా మిద్దె మెట్ల మీద నుంచి దూకేవాళ్ళు. అదే కాలంలో లేత జొన్నకంకులు నిప్పుల మీద కాల్చి, రుద్ది, పొట్టు ఊది, ఊచబియ్యం బెల్లంతో కలిపి పెట్టేవాళ్ళు. చేతులకు మసి, పెదాలకు తీపి, చెవుల్లో చలిగాలి. అందరికీ అది సంబరాల కాలం, నాకు మాత్రం ఉబ్బసం కాలం. నేను దూకిన మర్నాటి నుంచే రొమ్ములో పిల్లి కూసినట్టు కూత మొదలయ్యేది. చెడుగుడులో పరిగెత్తలేను గనక నన్ను న్యాయం చెప్పేవాడిగా నిలబెట్టేవాళ్ళు. ఆ కొలువు నాకు బాగా నచ్చింది, ఇప్పటికీ దాన్ని వదల్లేదు.

జేజి అంటే మా నాయన తల్లి, పేరు మరియమ్మ. పెండ్లయిన కొత్తలో మా వాళ్ళంతా క్రీస్తుమతంలో కలిసినప్పుడు, బాప్తిస్మం తీసుకున్న పొద్దే ఆమె మా దొడ్లో ఉమ్మెత్త మొక్కలన్నీ వేర్లతో పీకి దిబ్బలో వేసింది. అది శివుడి పూజకు పోయే పువ్వు, మన ఇంట్లో ఏంటికి అని ఆమె లెక్క. పక్కింటి నాగమ్మ శివరాత్రికి పూలు దొరక్క మా జేజిని గోడ మీద నుంచి నోరారా తిట్టిందంట. ఆ తిట్లతో మొదలైన స్నేహం ఇద్దరూ ముసలివాళ్ళయ్యేదాకా సాగింది.

జేజి బొంతలు కుట్టేది. ఊళ్ళో పాతచీర అనేది ఏదైనా చివరికి మా అరుగు మీదికి రావాల్సిందే. చదువు లేదు, కానీ ఆ వయసులో కూడా ఎండ వైపు తిరిగి సూది ఎత్తిందంటే ఒక్క పోటుకు దారం లోపలికి పోయేది. పోయినాక చుట్టూ ఒకసారి చూసేది, ఎవరైనా గమనించినారా లేదా అని. "ఏమే నాగమ్మా, కండ్లు కావల్నా? ఒకటి ఎరువిస్తా!" అనేది. "నీ కండ్లు నాకొద్దు తల్లీ, అవి యాడ పొయ్యినా తప్పులే ఎతుకుతాయి" అని గోడ అవతల నుంచి జవాబు వచ్చేది.

నన్ను బండిలో ఒక పూట ప్రయాణమంత దూరంలో ఉన్న మిషను బోర్డింగు బడిలో వేసినారు. ఆ బడికీ, చుట్టుపక్కల మా గుళ్ళన్నిటికీ పెద్ద పాస్టరయ్య ఒక్కడే. మంచివాడు. నాకు అక్షరాలు దిద్దించిన చెయ్యి ఆయనదే. నా గొంతు బాగుందని ఆదివారం ఆరాధనలో వాక్యం చదివే పని చిన్నవాణ్ణయినా నాకే ఇచ్చినాడు. చదువు ముగించి దిగుతుంటే నా తల మీద పెట్టే ఆయన అరచెయ్యి బరువు నాకింకా తెలుస్తూనే ఉంది.

ఆ చలికాలం ఉబ్బసం ఎక్కువైంది. మిషను ఆసుపత్రిలో వైద్యం చేసే దొరసానమ్మ తన దేశానికి సెలవు మీద పోతూ పోతూ ఒక రేకు డబ్బా ఇచ్చింది. లోపల పచ్చా నలుపూ కాని పొడి. ఆయాసం వస్తే చిటికెడు పెంకు మీద కాల్చి, గుడ్డ కప్పి, పొగ పీల్పించమని చెప్పింది. ఆ మందును నేను తిట్టను. మొదటిసారి ఆ పొగ లోపలికి పోయినప్పుడు రొమ్ములో బిగించిన తాడెవరో విప్పినట్టయి, నేను ఏడ్చినాను. అంత సుఖం. కానీ అది ఇంకా ఏమేం చేస్తుందో దొరసానమ్మ చెప్పలేదు, అడిగేందుకు ఆమె లేదు. పాస్టరయ్యకేమో నా మీద ప్రేమ. చిటికెడుకే ఇంత మేలైతే గుప్పెడుకు ఎంత మేలో అని పొద్దునా సాయంత్రం పట్టించినాడు.

కొన్నాళ్ళకు నేను నేను కాకుండా పోయినాను. నోరు ఎండిపోయి సంగటి ముద్ద ఇసుక మింగినట్టు దిగేది. ఉత్త పుణ్యానికే కోపం వచ్చేది. నా పక్కన కూర్చొని తినే పిల్లోణ్ణి, నాకు తన వేయించిన చెనిక్కాయలు ఒలిచి పెట్టేవాణ్ణి, చెయ్యి కరిచినాను. గోడ మీద చీమలు బారుగా పోతున్నాయంటే లేవన్నారు. గాల్లో దూది పింజలు తేలుతుంటే ఏరి ఒడిలో వేసుకొనేవాణ్ణి, ఒడి చూసుకుంటే ఖాళీ. అద్దంలో నా కంటి నల్లగుడ్డు కన్నంతా ఆక్రమించింది. ఇవన్నీ ఎవరికి చెప్పాలో తెలియలేదు. పిల్లలకు తమలో ఏదో మారిందని తెలుస్తుందే గాని, అది మందు వల్ల అని తెలియదు. తామే చెడ్డవాళ్ళమైపోయినామని అనుకుంటారు. నేనూ అట్లే అనుకున్నాను.

ఒక ఆదివారం పాస్టరయ్య పొగ పట్టించి నేరుగా వాక్యం చదవమని నిలబెట్టినాడు. గ్రంథం తెరిస్తే అక్షరాలు కరిగి ఒకదాంట్లోకి ఒకటి పారినాయి. దగ్గరికి తెచ్చేకొద్దీ ఇంకా కరిగినాయి, దూరంగా పెడితే కాస్త నిలబడతాయేమోనని రెండు చేతులతో నెట్టినాను. పుటల మీద దూది పడితే ఏరినాను. ఎందుకో నవ్వొచ్చింది, నవ్వినాను. పాస్టరయ్య గ్రంథాన్ని మళ్ళీ నా మొహం దగ్గరికి తెచ్చినాడు. నేను మళ్ళీ నెట్టినాను. దేవుని వాక్యాన్ని చేతులతో తోసినవాడిలో ఉండేదేమిటో ఆయనకు అనుమానమే లేకపోయింది. "వాడు చూడలేకపోతున్నాడు, వాడిలో ఉన్నది చూడనియ్యడం లేదు" అన్నాడు. సాయంత్రానికి నన్నూ నా ట్రంకుపెట్టెనూ డబ్బానూ బండెక్కించి ఇంటికి తోలేసినారు. తక్కిన పిల్లలకు సోకుతుందంట.

ఇంటికొచ్చిన మర్నాడు ఆయాసం వస్తే, జేజి ఆ పొడిని పెంకు మీద వేసి నిప్పు తగిలించింది. పొగ గోడ దాటిందో లేదో నాగమ్మ అరిచింది.

"ఏమే మరియమ్మా! మా శివయ్య చెట్టు మీ ఇంట్లో కాలుతాండాదే! మతం మల్లా మార్చినావా?"

"దొరసాని మందమ్మా ఇది. నోరు జారొద్దు."

"దొరసానిదో, దొరదో, నా మొగునికి ఆయాసమొస్తే బతికినన్నాళ్ళు నేను కాల్చిందే. ఆ కంపు నాకు తెల్దా? ఎక్కువ పడితే మా ఇంటాయన గోడతో కొట్లాడేటోడు!"

జేజి చెయ్యి అట్లే నిలిచిపోయింది. దొడ్లో నుంచి వేర్లతో పీకి పారేసిన చెట్టే రేకు డబ్బాలో కూర్చొని, తిరిగి ఇంట్లోకొచ్చింది. పెంకు మీద నీళ్ళు పోసింది. ఆ పొద్దు నుంచి పొగ లేదు. పత్తి కుప్పను పక్కింటి కొట్టానికి మార్చి, నన్ను జొన్నల మూటలకు ఆనించి కూర్చోబెట్టి, మిరియాల కషాయం పోస్తూ, నేను ఊపిరి లాగినప్పుడల్లా తనూ లాగేది. రెండు పొద్దులు గడిచేసరికి చీమలు పోయినాయి, దూది పోయింది. నాయన పుస్తకం తెచ్చి ముందు పెడితే అక్షరాలు ఎవరి చోట వాళ్ళు బుద్ధిగా కూర్చొని ఉన్నాయి.

జేజి నడిచిపోయి పాస్టరయ్యకు చెప్పింది. "దొరసానమ్మ ఉమ్మెత్త ఇస్తుందా? ఎవరి మీద ఏం మాటంటున్నావు మరియమ్మా?" అన్నాడంట. పోయినదాని కంటే వేగంగా తిరిగొచ్చింది.

తరువాత వచ్చింది కోతపండగ. తొలి పంట దేవుడికిచ్చే రోజు. మా పల్లె గుడి ముందు జొన్నచొప్ప పందిరి, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, బుట్టల్లో గుడ్లు. ఒక మూల పొట్టేలు కూర ఉడుకుతుంటే ఇంకో మూల కొర్రన్నం దించేవాళ్ళు. ఒక గుమ్మడికాయకు పోటీలు పడి వేలం పాడేవాళ్ళు. ఆ సందడిలో, పాస్టరయ్య పందిరి కింద నిలబడి ఉండగా, జేజి పోయి ఎదురుగా చతికిలబడింది. కొంగులో నుంచి సూది తీసింది, ఎత్తింది, ఒక్క పోటుకు దారం ఎక్కించి చూపించింది. దారం తీసేసింది. డబ్బాలో మిగిలిన పొడిని పెంకు మీద పోసి, నిప్పు పెట్టి, కొంగు ముసుగేసుకొని పీల్చడం మొదలుపెట్టింది.

"వద్దమ్మా, పరువు పోతాది" అని నాయన చెయ్యి పట్టుకున్నాడు.

"నా కొడుకువి నువ్వు, నా మనవడు వాడు. నడుమ నీ పెత్తనమేంది? పో, కూర సూడు పో."

పొగ అయిపోయినాక చాలాసేపు అట్లే కూర్చుంది. మొహం ఎర్రబారింది. సూది ఎత్తింది. దారం పక్కన పోయింది. మళ్ళీ పోయింది. సూదిని చెయ్యి చాపినంత దూరం నెట్టి చూసింది, నేను గ్రంథాన్ని నెట్టినట్టే. తరువాత సూదీ దారమూ వదిలేసి గాల్లో దూది ఏరడం మొదలుపెట్టింది. వేడుక చూడవచ్చిన నాగమ్మ మొదట నవ్వి, నవ్వు మధ్యలో ఆపేసింది. జేజి తలెత్తి పాస్టరయ్యను చూసింది. వాంతులూ బేదులతో చిన్నతనంలోనే పోయిన తన రెండో కొడుకును చూసినట్టు చూసింది.

"చిన్నోడా, ఎండలో ఏంటికి నిలబడినావు? అన్నం తింటివా నాయనా?"

వేలం పాటలు ఆగినాయి. కోళ్ళు మాత్రం అరుస్తున్నాయి. పాస్టరయ్య "ప్రార్థన చేద్దాం" అని గట్టిగా కండ్లు మూసుకున్నాడు. అందరూ మూసుకున్నారు. నేను మూసుకోలేదు.

జేజి మర్నాడు తెలివిలోకొచ్చి మొదట అడిగింది "నా సూది యాడ ఉండాది?" అని. తరువాత "ఎవురన్నా నవ్వినారా?" అంది. నాగమ్మ నవ్విందన్నాను. "అది నవ్వకపోతే నాకు దిగులు" అంది. అంతమందిలో తన కండ్లకున్న పేరును తనే పోగొట్టుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

బడి తలుపు మాత్రం తెరుచుకోలేదు. నాకు వచ్చిన చదువంతా అరుగు మీద వచ్చింది. జేజి బొంత కుడుతుంటే పక్కన కూర్చొని, బెల్లం చుట్టుకొచ్చిన పాతకాగితం దగ్గర నుంచి దొరికిందల్లా పైకి చదివేవాణ్ణి. అక్షరం రాని మనిషి, నేను ఒక మాట మింగితే సూది ఆపి "ఆడ తొట్రుపడినావు, మల్లా సదువు" అనేది. ఏటా కోతపండగకు పాస్టరయ్య ఎదుటికి పోయి, అయ్యా నాకు దయ్యం పట్టిందా అని అడిగేవాణ్ణి. ఏటా తల మీద చెయ్యి పెట్టి దీవించి పక్కకు పోయేవాడు. ఆ చెయ్యి బరువు మునుపటిది కాదు.

ఇప్పుడు మా మునిమనవరాలికీ ఉబ్బసమే. నోట్లో కొట్టుకునే గొట్టం, పడుకునే ముందు ఒక మాత్ర. ఆ మాత్ర మొదలైనాక పిల్ల ఊరికే ఏడ్వడం, పుస్తకాలు విసరడం, చెడ్డ కలలొస్తున్నాయని నిద్రకు భయపడటం. బడిలో పంతులమ్మ పిల్లకు పొగరెక్కిందని కబురు పెట్టింది. నేను కర్ర పట్టుకొని డాక్టరు దగ్గరికి వెంటపోయినాను, కొట్లాటకు సిద్ధపడి. కొట్లాట అవసరం పడలేదు. ఆ కుర్రడాక్టరు సంగతంతా విని, కొందరు పిల్లలకు ఈ మందుతో మనసు అట్లా అవుతుంది పెద్దాయనా, మంచిపని చేసినారు చెప్పి, మారుద్దాం అన్నాడు. పిల్ల వైపు తిరిగి "నీ తప్పేం లేదమ్మా" అన్నాడు. నేను బయటికొచ్చి కాసేపు గోడకు ఆనుకొని నిలబడినాను. పిల్లోడు మారితే ముందు పిల్లోణ్ణి కాదు, వాడి లోపలికి ఏం పోతున్నదో చూడండి. నేను చెప్పదల్చుకున్నది అంతే.

దూలాలు తాకే పత్తి కుప్పలు ఇప్పుడు ఏ ఇంట్లోనూ లేవు. ఊచబియ్యం అంటే పిల్లలు తెల్లమొహం వేస్తారు. ఆ అరుగు పోయింది, ఆ గోడ పోయింది, గోడకు అటూ ఇటూ ఉన్న ఇద్దరూ పోయినారు. ఒక బొంత మిగిలింది. అది కప్పుకుంటే కుట్లు వీపుకు తగులుతాయి.

పాస్టరయ్య జవాబు నాకు ఆలస్యంగా వచ్చింది. జేజి అప్పటికి లేదు. తెల్లవాళ్ళు పోతారని ఊరూరా చెప్పుకుంటున్న ఆ ఆఖరి ఎండాకాలంలో, డోన్ స్టేషన్లో గుంతకల్లు బండి కోసం నిలబడి ఉంటే, చేతికర్రతో పాస్టరయ్య కనిపించినాడు. బాగా ముసలివాడైనాడు. నేను అదే మాట అడిగినాను. ఈసారి నా తల మీద చెయ్యి పెట్టలేదు. పట్టాల వైపు తిరిగి అన్నాడు:

"నీకు దయ్యం లేదని ఆ పొద్దే తెలిసింది సామేలూ. దయ్యం పట్టినామె నన్ను అన్నం తింటివా అని అడుగుతాదా? నేను కండ్లు మూసుకొనింది ప్రార్థనకు కాదప్పా. మీ జేజి మొగం చూడలేక."