తాడు పట్టుకుంటే మాట రాని చెన్నరాయప్ప

చెన్నరాయప్ప తన పేరును అచ్చులో మొదటిసారి చూసుకున్నది యాభయ్యేడో ఏట. చూసి సంతోషించలేదు. ఆయనకు చెమట పట్టింది.

పోస్టులో వచ్చిన పసుపు రంగు కరపత్రం అది. సముద్రపు ఒడ్డున ఉన్న ఒక నౌకా మ్యూజియం వాళ్లు వేయించినది. పైన పెద్దక్షరాల్లో 'సముద్రం లేని ఊళ్లలో సముద్రం గురించి' అని ఉంది. దాని కింద కోలారు కాలేజీ హాలు, ఆదివారం ఉదయం పది గంటలు. ఇంకా కింద 'ఓడ తాళ్లు, వాటి అతుకులు: ప్రదర్శనతో కూడిన ప్రసంగం. వక్త శ్రీ చెన్నరాయప్ప, కె.జి.ఎఫ్.'

ఆయన దాన్ని రెండుసార్లు చదివి భార్యను పిలిచాడు.

"ఏం మే పిల్లమ్మా, మన లైను ఇళ్లల్లో ఇంకో చెన్నరాయప్ప ఎవరన్నా ఉండాడా?"

"యాడుండాడు? ఉండేది నువ్వొకడివే."

"అయితే నేనే," అని ఆయన గడప మీద కూలబడ్డాడు.

ఈ పని చేసింది బయటివాళ్లు కాదు, సొంత కూతురు కుముద. బెంగళూరులో చరిత్ర చదివి, ఆ మ్యూజియంలో తాత్కాలిక ఉద్యోగంలో చేరి అప్పటికి పది నెలలు. అక్కడ నెలకొక ఆదివారం ప్రసంగం పెడతారు. పాత కెప్టెన్లు, పడవలు కట్టే వడ్రంగులు, చేపల వేటకు పోయేవాళ్లు వచ్చి తమ పని గురించి చెబుతారు. అవన్నీ చూసుకునే పని కుముదది. వాటిని సముద్రం ఎరగని ఊళ్లకు కూడా తీసుకుపోదామన్నది ఆమె ఆలోచనే. మ్యూజియం అధికారి ప్రహ్లాదగారు నమ్మకం లేకుండానే ఒప్పుకున్నారు. ముందు ఒక్క ఊళ్లో పెట్టి చూద్దాం, జనం కూర్చుంటే మరో అయిదు ఊళ్లు, నీ ఉద్యోగం ఇంకో రెండేళ్లు; లేచిపోతే మార్చితో సరి, అన్నారట. ఈ సంగతి కరపత్రం వెనకే వచ్చిన ఉత్తరంలో ఉంది. దాంతో, నేను రాను అని చెప్పే దారి కూడా చెన్నరాయప్పకు మూసుకుపోయింది.

ఇందులో నా పాత్ర, కోలారు కాలేజీలో మేష్టరుగా, హాలు ఇప్పించడం వరకే. కుముద ఒకప్పుడు నా క్లాసులో మొదటి బెంచీ. తక్కింది పిల్లమ్మ చెప్పగా విన్నది, కొంత కళ్లారా చూసింది.

చెన్నరాయప్ప సముద్రం చూడలేదు. టేకల్ పక్క పల్లెలో పుట్టి, పద్దెనిమిదో ఏట బంగారు గనికి వచ్చి, తాళ్ల పనిలో చేరాడు. అప్పుడు దొరల కంపెనీ. తరువాత గని సర్కారుదయింది, బోర్డులు మారాయి, సంతకాలు పెట్టే సాహెబులు మారారు. చెన్నరాయప్ప చేతిలోని తాడు మారలేదు. మనుషుల్ని నేలలోకి దించే పంజరం వేలాడేది ఇనుప తాడు మీదే. రోజూ పొద్దున షిఫ్టు దిగకముందు ఆ తాడును నెమ్మదిగా కదిలిస్తారు. అది తన పక్కగా పాకిపోతుంటే ఈయన గుప్పెడు దూది పీచు దాని చుట్టూ పట్టుకొని నిలబడతాడు. తెగిన తీగ ఎక్కడైనా ఉంటే దూది దానికి చిక్కుకుంటుంది. ఎన్ని చిక్కుకున్నాయో, ఎంత దూరంలో చిక్కుకున్నాయో మనసులో లెక్క పెట్టుకోవాలి. లెక్క తప్పితే కింద మనుషులు. అందుకని ఆయన తాడు మీద ఉన్నంతసేపూ ఎవరూ మాట్లాడరు. ఆయనా నోరు విప్పడు. సాహెబు వచ్చి పలకరించినా పలకడు. లోపల బండ్లను లాగే తాళ్లు తెగితే పురులు విప్పి అతికేదీ ఈయనే. అప్పుడూ అంతే. ఓడ తాళ్లను అతికేదీ ఇదే పద్ధతిలోనని మ్యూజియంలో చూసి కుముద కనిపెట్టింది.

ముప్పై తొమ్మిదేళ్లు అలా గడిచేసరికి ఆ అలవాటు ఒంట్లోకి దిగిపోయింది. చేతిలోకి తాడు వచ్చిందంటే నోరు దానంతటదే మూసుకుంటుంది. ఇంట్లో బూటు తాడు బిగించుకునేటప్పుడు కూడా ఈయన జవాబు చెప్పడని పిల్లమ్మ చెప్పింది. నేను నమ్మలేదు. ఆమె చూపించింది. నమ్మాను.

ప్రసంగానికి మూడు వారాల ముందు సాధన మొదలయింది. కుముద రాసి పంపిన కాగితం ఆయన రెండు రోజుల్లో కంఠస్థం చేశాడు. గడగడా చెప్పేవాడు. చిక్కంతా ఆ తరువాతిది. పెరట్లో బట్టలారేసే తాడు విప్పి, నడుమ కోసి, రెండు కొసలూ పట్టుకొని, "సభకు నమస్కారం" అనబోయేవాడు. పెదవులు కదిలేవి. శబ్దం వచ్చేది కాదు. చేతులు మాత్రం ఒక పురి మీదుగా, ఒక పురి కిందుగా చకచకా పోయేవి. అతుకు ముగిశాక నోరు తెరుచుకునేది.

"మాట్లాడు," అనేది పిల్లమ్మ ఎదురుగా కూర్చుని.

ఆయన తల అడ్డంగా ఊపేవాడు.

"తల ఊపితే కోలారోళ్లకు ఏమర్థమైతుంది? నోటితో చెప్పు."

పని ముగించి అప్పుడు అనేవాడు: "నువ్వు పలకరిస్తా ఉంటే నాకు లెక్క తప్పుతా ఉండాది మే."

"బట్టల తాడుకు లెక్కేంది?"

ఇంకో అవస్థ కూడా వచ్చిపడింది. అతికినప్పుడల్లా తాడు జానెడు పొట్టిదయ్యేది. మూడో వారానికి చీర ఆరేస్తే సగం నేల మీద పడేది. పిల్లమ్మ ఆ చీరల్ని మడతపెట్టి పక్కింటి సొన్నమ్మ పెరట్లో ఆరేసుకునేది. ఎందుకని సొన్నమ్మ అడిగితే, మాయాయన ఉపన్యాసం ఇస్తా ఉండాడు, అనేది. సొన్నమ్మకు అది అర్థం కాలేదు. లైనంతా మాత్రం చెప్పింది.

ప్రసంగానికి ముందు రోజు, శనివారం, కుముద ఊరికి వచ్చింది. తండ్రి తాడు పట్టుకొని మౌనంగా అతికేది చూసి ఆమె ముఖం పాలిపోయింది.

"అప్పా, ఇరవై నిమిషాలప్పా. మాటా పనీ రెండూ కలిపి చెయ్యాల. వట్టిగా నిలబడి అల్లుతా ఉంటే జనం లేసిపోతారు."

"అంతా ముందు చెప్పేసి, అటుపైన అల్లితే?"

"నువ్వు చెప్పేది మూడు నిమిషాల్లో అయిపోతా ఉండాది కదా."

"నిదానంగా చెప్తాను."

"ఎంత నిదానం?"

ఆయన మొదటినుంచి చెప్పి చూపించాడు. నాలుగు నిమిషాలయింది.

"ఇంకెవరినన్నా పిలుచుకోమ్మా. బచ్చప్ప ఉండాడు. నాతోనే పని చేస్తాడు, వాగుడుకాయ."

"పేరు అచ్చయిపోయిందప్పా. ఆయన్ని పిలిస్తే, మీ నాయన ఏమైనాడని ప్రహ్లాదగారు అడుగుతారు." కరపత్రం మడిచి ఆమె అంది: "నిన్ను అడక్కుండా వేసినాను. తప్పు నాదే."

"తప్పు సంగతి ఇంగెప్పుడన్నా చూద్దాం," అన్నాడు చెన్నరాయప్ప. "మార్చి ఎన్నాళ్లు ఉండాది?"

ఆ రోజు ముగ్గురూ అన్నం సరిగా తినలేదని పిల్లమ్మ చెప్పింది.

ఆదివారం తొమ్మిదిన్నరకే హాలు సగం నిండింది. మా విద్యార్థులు ఒక వంద మంది, కొందరు మేష్టర్లు. హాజరు వేస్తానని నేను బెదిరించి ఉన్నాను, ఆ మాట కుముదకు చెప్పలేదు. కేజీఎఫ్ నుంచి ఒక బస్సు వచ్చింది. అందులో బచ్చప్ప, తాళ్ల పనివాళ్లు పదిహేను మంది, వాళ్ల భార్యలు. సొన్నమ్మ కూడా వచ్చింది, చీరలకు కారణం తెలుసుకోవడానికి.

ప్రహ్లాదగారు తెల్లచొక్కా వేసుకొని మొదటి వరుసలో కూర్చున్నారు. ఆయన ఒడిలో చిన్న నోటుబుక్కు. ప్రసంగం మధ్యలో ఎవరు లేచిపోయినా ఒక గీత గీస్తారు. కుముదకు ఆ గీతలంటే భయం. నాకూ ఆ క్షణం నుంచి పట్టుకుంది.

ముందు ప్రహ్లాదగారే తెరచాప ఓడల బొమ్మలు తెర మీద చూపించి ఇరవై నిమిషాలు మాట్లాడారు. బాగా మాట్లాడారు. అందరూ కూర్చున్నారు. తరువాత చెన్నరాయప్పను పిలిచారు. ఇస్త్రీ చొక్కా, కొత్త పంచె. బల్ల మీద రెండు వేళ్ల మందం నార తాడు రెండు ముక్కలుగా పెట్టి ఉంది, ఓడ నుంచి తెచ్చినది. ఆయన దాని వైపు చూడకుండా మైకు ముందు నిలబడ్డాడు.

"సభకు నమస్కారం. సముద్రం మీద ఓడను నడిపేది గాలి. ఆ గాలిని పట్టి ఉంచేది తెరచాప. తెరచాపను పట్టి ఉంచేది తాడు."

ఒక్క పొల్లు పోలేదు. పిల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తక్కిన మాటలు అల్లుతూ చెప్పాల్సినవి గనక, ఆయన తాడు చేతిలోకి తీసుకున్నాడు.

నోరు మూసుకుంది.

ఒక నిమిషం గడిచింది. పురులు విప్పుతున్నాడు. రెండు నిమిషాలు. మూడు పురులకు మూడు పురులు ఎదురెదురుగా పెట్టి బిగించాడు. హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. వెనక బెంచీలో ఎవరో దగ్గారు. ఇంకెవరో నవ్వారు. నలుగురు విద్యార్థులు చెప్పులు ఈడ్చుకుంటూ బయటికి పోయారు. ప్రహ్లాదగారు నాలుగు గీతలు గీశారు. నేను లెక్కపెట్టాను. ఆయన వాచీ చూసుకున్నారు. కుముద కూడా చూసుకుంది, ఆమె చేతికి వాచీ లేదు.

ఆమె ఇక తట్టుకోలేక మైకు దగ్గరికి వెళ్లింది. "ఇప్పుడు వక్త రెండు కొసల్నీ..." అని మొదలుపెట్టింది.

వెనక నుంచి బచ్చప్ప గొంతు వినిపించింది. అరవలేదు, మామూలుగానే అన్నాడు.

"అమ్మణ్ణీ, మాట్లాడద్దు. అన్న తాడు మీద ఉండాడు."

ఆమె ఆగిపోయింది. బచ్చప్ప తన ముందు బెంచీలో గుసగుసలాడుతున్న మా విద్యార్థి భుజం తట్టి వేలు పెదవులకు ఆనించాడు. తాళ్ల పనివాళ్లు పదిహేను మందీ అప్పటికే చేతులు ఒడిలో పెట్టుకొని, గని నోటి దగ్గర నిలబడినట్టు కూర్చున్నారు. వాళ్ల ఆడవాళ్లూ అంతే. నిశ్శబ్దం ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీకి పాకింది. ఇంతకుముందు ఏమీ జరగనందుకు ఊరకున్నారు. ఇప్పుడు ఏదో జరుగుతున్నందుకు ఊరకున్నారు. నవ్విన కుర్రాడు మెడ చాచి చూస్తున్నాడు.

చెన్నరాయప్ప ఇనుప మొనతో పురి లేపుతున్నాడు, దూరుస్తున్నాడు, లాగుతున్నాడు. లాగినప్పుడల్లా తాడు కిర్రుమనేది. చెమట ఆయన ముక్కు కొస నుంచి బల్ల మీద పడుతోంది. ఒకచోట ఆగాడు. వేలితో తడిమాడు. దూర్చిన పురిని మళ్లీ బయటికి లాగేశాడు. కుముద కళ్లు మూసుకుంది. ఆయన మళ్లీ దూర్చాడు, ఈసారి ఇంకొక పురి కింది నుంచి. హాల్లో వందమంది ఊపిరి వదిలిన చప్పుడు విన్నాను. అందులో నాదీ ఉంది.

పదమూడు నిమిషాలయ్యాక ఆయన తాడు బల్ల మీద పెట్టి చెయ్యి పైకెత్తాడు.

"ఇంగ మాట్లాడుకోవచ్చు," అన్నాడు.

హాలంతా ఒక్కసారి మాట్లాడింది. వెళ్లిన నలుగురిలో ముగ్గురు, లోపల ఏమయిందోనని తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ప్రహ్లాదగారు వేదిక ఎక్కి అతుకును తిప్పి తిప్పి చూశారు.

"నిలుస్తుందంటారా?" అన్నారు.

"లాగి చూడండి సార్," అన్నాడు బచ్చప్ప అక్కడి నుంచే.

అనకుండా ఉండాల్సింది. బెంచీలు జరిపి, ఒక వైపు తాళ్ల పనివాళ్లు, ఒక వైపు మా విద్యార్థులు నిలబడ్డారు. ప్రహ్లాదగారు ఉత్సాహం ఆపుకోలేక చొక్కా చేతులు మడిచి విద్యార్థుల ముందు చేరారు. తాడు బిగుసుకుంది. అతుకు దగ్గర చిటచిటమని చప్పుడు వచ్చింది. చెన్నరాయప్ప ముఖంలో రక్తం లేదు. అది ఊడితే ఊడేది తాడు ఒక్కటే కాదని ఆయనకు తెలుసు. పిల్లమ్మ అటు తిరిగి గోడ వైపు చూస్తూ నిలబడింది.

అతుకు నిలిచింది. నిలవనిది ప్రహ్లాదగారు. అవతలి పదిహేను మంది ఒక్క గుంజు గుంజేసరికి ఆయన తెల్లచొక్కాతో బోర్లాపడి, హాలు నేల మీద రెండు గజాలు జారిపోయారు. తాడు మాత్రం వదల్లేదు. ఎవరూ నవ్వలేదు. తరువాత సొన్నమ్మ నవ్వింది. తరువాత ఆయనే నవ్వారు.

దుమ్ము దులుపుకొని, నోటుబుక్కు వెతుక్కొని, కుముదను పక్కకు పిలిచారు. చెన్నరాయప్ప, పిల్లమ్మ, నేను కొంచెం దూరంలో నిలబడి వేరే పని ఉన్నట్టు నటించాం.

"ఇది ప్రసంగం కాదమ్మా," అన్నారు ప్రహ్లాదగారు. "ప్రసంగం అని వేసి ఇలా చేస్తే పైవాళ్లు నన్ను అడుగుతారు."

కుముద తల వంచుకుంది.

"అయినా జనం కూర్చున్నారు. నా బొమ్మలకు ఇంత నిశ్శబ్దంగా కూర్చోలేదు, అది కూడా చూశాను. అయిదు ఊళ్లకూ తేదీలు వెయ్యి. మొదట శ్రీనివాసపురం. నీ ఉద్యోగం కాగితం మీద రేపు సంతకం పెడతాను." ఇటు తిరిగి చెన్నరాయప్పతో అన్నారు: "మీరు రావాలండీ. ఒక్క మనవి. ఆ మొదటి నాలుగు వాక్యాలు తీసేయండి. నేరుగా తాడు పట్టుకోండి."

కుముద ఏడుస్తూ నవ్వుతూ తండ్రి చెయ్యి పట్టుకుంది. ఆయన ముఖం మాత్రం విప్పారలేదు. బస్సు దగ్గరికి నడుస్తూ భార్యను మెల్లగా అడిగాడు.

"ఏం మే, ఆ నాలుగు మాటలు బాగలేవా?"

"బాగనే ఉండె."

"మూడు వారాలు చెప్పుకున్నానే."

"నాకు కూడా వచ్చేసినాయి," అంది పిల్లమ్మ. "బస్సులో చెప్పుకుంటా పోదాం, ఎక్కు."

ఆయన ఒక కాలు మెట్టు మీద పెట్టి ఆగాడు.

"శ్రీనివాసపురంలో హాలు దీనికన్నా పెద్దదా?"